ప్రోస్టేట్ క్యాన్సర్: శాస్త్రవేత్తల శ్రమ, మన ఆలస్యం

నేను ఉద్యోగ విరమణ చేయడానికి కొద్దికాలం ముందు జరిగిన సంగతి. చందర్లపాడు మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి డెబ్బై ఏళ్లు దాటిన రైతును ఆయన కొడుకులిద్దరూ నులక మంచం మీదనే మోసుకొచ్చారు. నల్లరేగడి చేలలో పత్తి, మిరప పండించి, రెండు నెలల ముందు వరకు పొలానికి నడిచి వెళ్లిన మనిషి. "నాలుగు రోజుల నుంచి కాళ్లు ఆడటం లేదండీ డాక్టరు గారూ, వాతం కమ్మిందేమో" అన్నాడు పెద్ద కొడుకు.

నిదానంగా అడిగితే అసలు కథ బయటపడింది. రెండేళ్లుగా ఆయన రాత్రిపూట ఐదారుసార్లు మూత్రానికి లేస్తున్నాడు. ధార సన్నబడింది. వయసు మీద పడింది గదా అని ఊరుకున్నాడు. ఏడు నెలలుగా నడుము నొప్పి. దానికి తైలాలు రాశారు, ఊళ్లోనే సూదిమందులు వేయించారు. మూత్రం సంగతి భార్యకు తెలుసు గాని కొడుకులకు తెలియదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పవద్దన్నాడట. వేలితో పరీక్షించగానే ప్రోస్టేట్ గ్రంథి రాయిలా గట్టిగా తగిలింది. క్యాన్సర్ వెన్నుపూసలకు పాకి వెన్నుపామును నొక్కుతోంది. వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపించాము. వైద్యం జరిగింది, నొప్పి తగ్గింది, మరి పదహారు నెలలు బతికాడు. కాని మళ్లీ నడవలేదు.

"ముందే వచ్చి ఉంటే నడిచేవాడా?" అని పెద్ద కొడుకు అడిగాడు. నడిచేవాడనే నా నమ్మకం. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం ఆనాడు ఆసుపత్రి వరండాలో చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానమే.

నేను చెప్పదలచిన అభిప్రాయం సూటిగా ఇది. ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి ప్రపంచ ప్రయోగశాలల్లో ఎనభై ఏళ్లకు పైగా పోగుపడిన జ్ఞానం సామాన్యమైనది కాదు. శాస్త్రవేత్తలు ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క జీవితం ధారపోశారు. ఆ జ్ఞానం మన పల్లెకు చేరడానికి అడ్డుపడుతున్నది కేవలం దూరమో డబ్బో కాదు. ఒకవైపు మన మౌనం, మరొకవైపు అర్థం తెలియకుండా చేయించుకునే పరీక్షలు. ఈ రెండింటినీ వదిలించుకోవాలంటే ఆ శాస్త్రవేత్తల కథ కొంతైనా తెలియాలి.

ముందు గ్రంథి సంగతి. ప్రోస్టేట్ మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయం మెడ దగ్గర, అక్రోటు కాయంత పరిమాణంలో ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యగుండా పోతుంది. వయసుతో పాటు ఈ గ్రంథి పెరగడం చాలామందిలో సహజం. ఆ పెరుగుదల క్యాన్సర్ కాదు. ధార సన్నబడటానికి, రాత్రి పదేపదే లేవడానికి ఎక్కువగా కారణం ఈ మామూలు పెరుగుదలే. క్యాన్సర్ సాధారణంగా గ్రంథి వెలుపలి భాగంలో పుడుతుంది కనుక తొలిదశలో మూత్రానికి ఏ ఇబ్బందీ కలిగించకపోవచ్చు. అందుచేత మూత్రం ఇబ్బంది ఉన్న ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు, ఇబ్బంది లేనంత మాత్రాన క్యాన్సర్ లేనట్టూ కాదు. అయితే ఇబ్బంది వచ్చినప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్తే, కారణం ఏదైనా, గ్రంథిని పరీక్షించే అవకాశం దొరుకుతుంది. మా రైతు పోగొట్టుకున్నది ఆ అవకాశాన్నే.

ఈ వ్యాధి శాస్త్రంలో మొదటి పెద్ద మలుపు 1941లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడైన చార్లెస్ హగ్గిన్స్, తన సహచరుడు క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి, ప్రోస్టేట్ క్యాన్సర్ పురుష హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందని చూపించాడు. వృషణాలను తొలగించినా, స్త్రీ హార్మోను ఇచ్చినా, ఎముకలకు పాకిన క్యాన్సర్ సైతం వెనక్కి తగ్గింది. అంతవరకు క్యాన్సర్ కణం శరీరం మాట వినని తిరుగుబాటుదారు అనుకునేవారు. అది కూడా శరీరం పెట్టే తిండి మీద బతుకుతోందని ఆయన రుజువు చేశాడు. దానికి నోబెల్ బహుమతి వచ్చింది 1966లో, అంటే పాతికేళ్ల తరువాత. కాని హగ్గిన్స్ కాలంలోనే ఒక చేదు నిజం కూడా తేలింది. హార్మోను తీసివేసినా, కొన్నాళ్లకో కొన్నేళ్లకో చాలామందిలో క్యాన్సర్ తిరిగి లేస్తుంది. ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు కణం లోపల, జన్యువుల్లో వెదకవలసి వచ్చింది. అణుజీవశాస్త్రం అవసరం అక్కడ పడింది.

ఇక్కడ మన విశ్వవిద్యాలయంలో చదివిన ఒక శాస్త్రవేత్తను తలచుకోవాలి. ఉస్మానియాలో చదివి డాక్టరేటు పొంది, అమెరికా వెళ్లి అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు. ఆయన పరిశీలించినది ప్రోస్టేట్ కాదు, దాని పొరుగునే ఉన్న మూత్రాశయం. మానవ మూత్రాశయ క్యాన్సర్ నుంచి తీసి ప్రయోగశాలలో పెంచిన కణాల్లో రాస్ అనే జన్యువు ఉంది. ఆరోగ్యవంతమైన కణాల్లోనూ అదే జన్యువు ఉంది. మరి ఒకటి క్యాన్సర్ పుట్టించడానికి, మరొకటి పుట్టించకపోవడానికి తేడా ఎక్కడ? 1982లో రెడ్డి గారు, మారియానో బార్బాసిడ్ తదితరులు నేచర్ పత్రికలో జవాబు ప్రకటించారు. తేడా ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరంలో ఉంది. ఆ ఒక్క అక్షరం మారడం వల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో పన్నెండవ స్థానంలో గ్లైసీన్ ఉండవలసిన చోట వాలీన్ వచ్చి కూర్చుంది. అదే కాలంలో అమెరికాలోని మరి రెండు బృందాలు కూడా స్వతంత్రంగా ఇదే విషయాన్ని కనుగొన్నాయి. మనిషి డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. వాటిలో ఒక్కటి తారుమారైతే కణం క్యాన్సర్ దారి పట్టగలదని తెలిసిన క్షణం అది.

ఇంత గొప్ప సంగతి తెలిసింది గదా, మరి మందు ఎప్పుడు వచ్చింది? రాస్ కుటుంబంలోని ఒక మార్పును నేరుగా అడ్డుకునే తొలి మందు సోటొరాసిబ్‌కు, అదీ ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, అమెరికాలో అనుమతి లభించింది 2021లో. మధ్యలో 39 ఏళ్లు. ఒక తరం శాస్త్రవేత్తలు ఉద్యోగంలో చేరి విరమించేంత కాలం.

రెడ్డి గారి సొంత ప్రయాణం కూడా ఇదే చెబుతుంది. 1987లో ఆంకోజీన్ అనే పరిశోధన పత్రిక స్థాపనలో ఆయన పాలుపంచుకున్నారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఫెల్స్ పరిశోధన సంస్థకు సారథ్యం వహించి, తరువాత న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ వైద్య విద్యాలయానికి వెళ్లారు. ఆయన ప్రయోగశాలలో పుట్టిన రిగోసెర్టిబ్ అనే మందు ఒక రకం రక్తవ్యాధి మీద ఎన్నో ఆశలు రేపింది. చివరిదశ ప్రయోగాల్లో రోగుల ఆయుష్షును తగినంతగా పెంచలేకపోయింది. ఇది ఆయన ప్రతిష్ఠకు మచ్చ అని నేను అనుకోను. ప్రయోగశాలలో బతికిన ఆలోచన రోగి దగ్గర నిలబడకపోవచ్చు. ఆ సంగతి దాచకుండా లెక్కగట్టి ప్రకటించడమే శాస్త్రం. ఈసారి మీ ఫోనులో "క్యాన్సర్‌కు మందు దొరికింది" అన్న సందేశం వచ్చినప్పుడు ఈ 39 ఏళ్లను గుర్తు చేసుకోండి.

ప్రోస్టేట్ దగ్గరకు తిరిగి వద్దాం. ఈ గ్రంథి అణుజీవశాస్త్రానికే జీవితాన్ని అంకితం చేసిన వారిలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన భారత సంతతి వైద్య శాస్త్రవేత్త అరుళ్ చిన్నయ్యన్ ముఖ్యుడు. ఒక్కొక్క జన్యువును విడిగా పరిశీలించే పద్ధతికి బదులు, కణితిలో వేలాది జన్యువులు ఏ మోతాదులో పనిచేస్తున్నాయో ఒకేసారి కొలిచే పద్ధతిని ఆయన బృందం ప్రోస్టేట్‌కు వర్తింపజేసింది. 2002లో ఆ బృందంలోని సూర్యనారాయణ వరంబళ్లి తదితరులు, పాకిన క్యాన్సర్‌లో ఈజడ్‌హెచ్2 అనే జన్యువు విజృంభిస్తుందని చూపించారు. 2005లో స్కాట్ టామ్లిన్స్ తదితరులతో కలిసి చిన్నయ్యన్ ప్రకటించిన విషయం మరీ ఆశ్చర్యకరమైనది. ఇరవై ఒకటవ క్రోమోజోము మీద దూరదూరంగా ఉండవలసిన రెండు జన్యువులు ప్రోస్టేట్ క్యాన్సర్‌లో తెగి, ఒకదానితో ఒకటి అతుక్కుంటున్నాయి. వాటిలో మొదటిది టీఎంపీఆర్ఎస్ఎస్2. పురుష హార్మోను అందగానే మేల్కొనే జన్యువు అది. రెండవది ఈఆర్‌జీ, కణాల పెరుగుదలను ప్రేరేపించేది. అతుకు పడ్డాక హార్మోను మీట నొక్కితే రెండవదీ మేల్కొంటుంది. మన పొలం భాషలో చెప్పాలంటే, మన మోటారు స్విచ్చికి పక్క పొలంవాడి మోటారు వైరు కలిసిపోయినట్టు. మనం నీళ్లు పెట్టుకుందామని స్విచ్చి వేస్తే వాడి చేను మునుగుతుంది.

హగ్గిన్స్ 1941లో కంటితో చూసినదానికి కణంలో కనిపించిన కారణాల్లో ఇది ఒకటి. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం మందిలో ఈ అతుకు కనిపిస్తుంది, ఆసియా వాసుల్లో అంతకంటే తక్కువ. కరోనా వైరస్ మన కణాల్లోకి చొరబడటానికి వాడుకునే ప్రోటీనుల్లో ఈ టీఎంపీఆర్ఎస్ఎస్2 తయారుచేసేది ఒకటని మీలో కొందరు ఆ రోజుల్లో చదివే ఉంటారు.

ఆ బృందానికీ ఎదురుదెబ్బ తగిలింది. మూత్రంలో సార్కొసీన్ అనే చిన్న పదార్థాన్ని కొలిస్తే ప్రమాదకరమైన ప్రోస్టేట్ క్యాన్సర్‌ను గుర్తించవచ్చునని 2009లో వారు ప్రకటించారు. ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. తరువాత ఇతర ప్రయోగశాలలు చేసి చూస్తే అదే ఫలితం నిలకడగా రాలేదు. ఒక ప్రయోగశాల మాటను మరో ప్రయోగశాల పరీక్షించి ఒప్పుకొనేదాకా ఆగాలన్నది ఇక్కడి పాఠం.

హార్మోను తీసివేసినా క్యాన్సర్ ఎందుకు తిరిగివస్తుందన్న పాత ప్రశ్నకు కూడా క్రమంగా జవాబు దొరికింది. పురుష హార్మోనును అందుకునే గ్రాహకం జన్యువును 1988లో వేరుచేశారు. తిరిగివచ్చిన క్యాన్సర్లలో కొన్నింటిలో కణం ఆ జన్యువుకు అదనపు ప్రతులు తయారు చేసుకుంటుందని 1995లో ఫిన్లాండు శాస్త్రవేత్తలు చూపించారు. హార్మోను చుక్కలుగా మిగిలినా చాలు, ఆ చుక్కలతోనే బతికే నేర్పు అది. ఈ అవగాహన వల్లనే ఆ చివరి చుక్కలను కూడా ఆపే అబిరటెరోన్ 2011లో, గ్రాహకాన్ని మూసివేసే ఎంజాలుటమైడ్ 2012లో అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. ఈ రెండూ ఇప్పుడు మన దేశంలో దొరుకుతున్నాయి.

2015లో అమెరికా, యూరప్ కేంద్రాలు కలిసి, హార్మోను వైద్యానికి లొంగని దశలో ఉన్న 150 మంది రోగుల కణితులను పరిశీలించి ప్రకటించాయి. సుమారు 63 శాతం మందిలో ఆ గ్రాహకం జన్యువులోనే మార్పులున్నాయి. దాదాపు 19 శాతం మందిలో బీఆర్‌సీఏ2 వంటి, డీఎన్ఏను మరమ్మతు చేసే జన్యువులు దెబ్బతిన్నాయి. ఈ రెండవ మాట మీ కుటుంబానికి ముఖ్యం. బీఆర్‌సీఏ2 లోపం వంశపారంపర్యంగా వచ్చినదైతే, అదే లోపం ఆ ఇంటి ఆడపిల్లలకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు తెస్తుంది. తండ్రి జబ్బు వివరం కూతురి ప్రాణాన్ని కాపాడవచ్చు. సిగ్గుపడి దాచుకున్న జబ్బు ఆ అవకాశాన్ని కూడా దాచిపెడుతుంది.

ఇక నాకు అభ్యంతరమున్న సంగతి. నందిగామలోనైనా, విజయవాడలోనైనా, "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీల్లో పీఎస్ఏ పరీక్షను కలిపి అమ్మడం చూస్తున్నాం. రోగికి దాని అర్థం చెప్పేవారుండరు. పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ తయారుచేసే ప్రోటీను, క్యాన్సర్ తయారుచేసేది మాత్రమే కాదు. గ్రంథి మామూలుగా పెరిగినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగిసి పైపు వేసినా అది పెరుగుతుంది. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడేవారిలో దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. రిపోర్టులో ఎర్ర అక్షరం చూసి నిద్ర మానుకున్నవారిని, పచ్చ అక్షరం చూసి ధీమా పడినవారిని ఇద్దరినీ చూశాను.

అలాగని పరీక్ష పనికిరానిదని అనను. యూరప్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పీఎస్ఏ పరీక్షకు పిలిచినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. సుమారు 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక్క మరణం తప్పింది. మరోవైపు, బ్రిటన్‌లో తొలిదశ క్యాన్సర్ ఉన్న 1,643 మందిని 15 ఏళ్లు గమనించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స చేయించుకున్నా, రేడియేషన్ తీసుకున్నా, కేవలం జాగ్రత్తగా కనిపెట్టి చూసినా, ఈ క్యాన్సర్‌తో మరణించినవారు మొత్తం మీద 3 శాతం లోపే. ఈ రెండింటినీ కలిపి చదవండి. పరీక్ష కొందరి ప్రాణం కాపాడుతుంది. మరికొందరిలో, జీవితాంతం ఏ హానీ చేయని చిన్న క్యాన్సర్‌ను బయటపెట్టి, మూత్రం అదుపు తప్పడం, దాంపత్య శక్తి తగ్గడం వంటి నష్టాల దాకా తీసుకుపోతుంది. అందుకే పరీక్షకు ముందు మాట్లాడటం ముఖ్యం. మాట్లాడకుండా చేసే పరీక్ష వ్యాపారం అవుతుంది.

కనుక నా సలహా ఇది. మీకు ఏ ఇబ్బందీ లేకపోతే, 55 నుంచి 69 ఏళ్ల మధ్య పీఎస్ఏ చేయించుకోవాలా వద్దా అన్నది వైద్యునితో లాభనష్టాలు మాట్లాడి మీరే నిర్ణయించుకోండి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట 45 ఏళ్లకే మొదలుపెట్టండి. డెబ్బై దాటాక, ఏ లక్షణమూ లేనివారికి మామూలుగా ఈ పరీక్ష అవసరం లేదు. పరీక్షకు వెళ్లేముందు మీరు వాడే మాత్రలు, ఈమధ్య వచ్చిన మూత్రపు ఇన్‌ఫెక్షన్ గురించి తప్పక చెప్పండి.

లక్షణాలుంటే మాత్రం ఈ వయసు లెక్కలు వర్తించవు. ధార సన్నబడినా, మూత్రం ఆగిపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా ఏ వయసులోనైనా వైద్యునికి చూపించండి. వేలితో చేసే పరీక్షకు ఒక నిమిషం పడుతుంది. పెద్ద వయసు మగవారిలో పడుకున్నా తగ్గని, రాత్రి ఎక్కువయ్యే కొత్త నడుము నొప్పిని తైలంతో నెట్టుకురావద్దు. ఆ నొప్పితో పాటు కాళ్లలో తిమ్మిరి, బలహీనత మొదలైతే అది గంటల్లో తేల్చవలసిన అత్యవసరం. మరునాటి బస్సు కోసం ఆగవద్దు. వెన్నుపాము మీద ఒత్తిడిని తీసే వైద్యం మొదలయ్యేనాటికి నడవగలిగినవారిలో ఎక్కువమంది ఆ తరువాతా నడుస్తారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవారిలో తిరిగి లేచేవారు కొద్దిమందే.

ఇంకొక మాట. వృషణాలు తొలగించే శస్త్రచికిత్స చిన్నది, ఖర్చు తక్కువ, హగ్గిన్స్ కాలం నుంచి నేటిదాకా పనిచేస్తున్నది. కాని "మగతనం పోతుంది" అని దానిని కాదని, ఇంజెక్షన్లకు ఒప్పుకొని, రెండు మూడు తరువాత డబ్బు చాలక మానేసినవారున్నారు. ఇంజెక్షను చేసేదీ అదే పని. నిర్ణయం మీదే, కాని ఖర్చంతా తెలుసుకుని నిర్ణయించండి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ప్రభుత్వ పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఏవి వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

"అమెరికాలో ఎవరో జన్యువులు లెక్కపెడితే మనకేమిటి?" అని నన్ను అడిగినవారున్నారు. ఇప్పుడు చెప్పిన ప్రతి సలహా వెనుక ఆ లెక్కలే ఉన్నాయి. మనవారిలో ఆ జన్యువుల అతుకులు ఎందుకు తక్కువో, మనవారి వ్యాధి ఏ దారిలో నడుస్తుందో తెలియాలంటే మన రోగుల కణితులనే పరిశీలించాలి. కణితి ముక్కను పరిశోధనకు ఇవ్వడానికి అనుమతి అడిగితే, అర్థం చేసుకుని, ఇష్టమైతే ఇవ్వండి. మీ ఇంట్లో జీవశాస్త్రం చదివే పిల్లలుంటే, ఉస్మానియా నుంచి బయలుదేరిన ఒక విద్యార్థి ఒక్క అక్షరం తేడాను పట్టుకున్న కథ చెప్పండి.

ఆ రైతు పెద్ద కొడుకు గత ఏడాది మా ఇంటికి వచ్చాడు. వయసు యాభై ఒకటి. "నేను పరీక్ష చేయించుకోవాలా డాక్టరు గారూ?" అని అడిగాడు. గంటసేపు మాట్లాడుకున్నాం. పరీక్షలో ఏమి తేలవచ్చు, తేలితే ఏమి చేయవలసి రావచ్చు, చేయకపోతే ఏమవుతుంది, అన్నీ. మరునాడు వెళ్లి చేయించుకున్నాడు. ఫలితం ప్రస్తుతానికి భయపడవలసినది కాదు. వెళ్తూ వెళ్తూ, "మా బాబాయి కూడా రాత్రిళ్లు చాలాసార్లు లేస్తున్నాడండీ, చెప్పడు" అన్నాడు. వచ్చే వారమే తీసుకురమ్మన్నాను. తీసుకొచ్చాడు. ఆయన నడిచే వచ్చాడు.